జీవాలను పెంచువారి ధర్మము, తినువారి ధర్మము

పాలంపేటలో శ్రీ రుద్రేశ్వరస్వామిని దర్శించు ప్రతి భక్తుడును స్వామితో పాటు నందీశ్వరుని కూడ చూచును. మెడలో గంటల పేరులు ధరించి, చెవులు నిక్కించి, స్వామి పిలుపు వినబడినంతనే లేచుటకు సిద్ధమైనట్లు ఆ వృషభము కూర్చుండియుండును. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున నిర్మింపజేసిన ఈ ఆలయమున పశువునకు దక్కిన స్థానము అల్పమైనది కాదు. అధిష్ఠానము చుట్టును ఏనుగులు బారులు తీరియున్నవి. 2021 జూలై 25వ తేదీన యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన పిమ్మట దేశదేశముల నుండి జనులు ఈ శిల్పమును చూడవచ్చుచున్నారు. శిల్పమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఈ మాసము నేను స్వామికి గల ఒక నామమును గూర్చియు, ఆ నామమును పలుకువారికి పశువులయెడ గల బాధ్యతను గూర్చియు వ్రాయదలచితిని. ఆ నామము పశుపతి.

శైవాగమములు పతి, పశువు, పాశము అని మూడు పదార్థములను చెప్పును. పతి శివుడు. పాశము మనలను కట్టివేయు మలము, కర్మము, మాయ. పశువు అనగా ఎద్దు, మేక మాత్రమే కాదు. బ్రహ్మ మొదలు పురుగు వరకు కట్టుబడియున్న ప్రతి జీవియు పశువే. పలుపు పట్టుకొన్న రైతును, పలుపునకు కట్టుబడిన ఎద్దును స్వామి దృష్టిలో ఒకే పదమునకు చెందినవారు. మన తెలంగాణమున గొల్లలు, కురుమలు గొఱ్ఱెలను మేకలను కలిపి "జీవాలు" అని పిలుతురు. ఏ ఆగమమును చదువకయే మన పల్లెజనులు ఆ ప్రాణులకు పెట్టిన పేరది.

ఈ విషయమును ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. అన్నదానమునకు విరాళ మిచ్చు భక్తులలో జీవాల పెంపకముతో బ్రతుకువారు, కోళ్ళ షెడ్లు నడుపువారు కూడ ఉన్నారు. ఒక గొల్ల పెద్ద నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, జీవాలను పిల్లల్లెక్క సాదుకుంట. అమ్మేటప్పుడు నాకూ కండ్లల్ల నీళ్ళొస్తయి. ఆ పైసలు దేవునికి పనికొస్తయా?" కొన్నాళ్ళకు ఒక కోళ్ళ రైతు అదే సందేహమును మరియొక విధముగా అడిగెను. బాగుగా మేపి, బాధ తెలియకుండ కోసినచో దోషము పోవునా యని అతని ప్రశ్న. వీరిద్దరిది ఒకే ప్రశ్న వలె కనబడును గాని, విచారించి చూచినచో రెండు ప్రశ్నలు. ఇచ్చు ధనము స్వామికి యోగ్యమా యనునది మొదటిది. చేయు పని దోషరహితమా యనునది రెండవది. రెండవదానిని ముందు విచారింతము.

ఇది కొలది మందికి సంబంధించిన విషయము కాదు. 2019 నాటి పశుగణన ప్రకారము తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలు కలవు. దేశమున ఇదియే ప్రథమ స్థానము. 2014 నాటి ఒక ప్రభుత్వ సర్వేలో మన రాష్ట్రమున నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలినది. కావున తినువారిని దూషించి ముగించు వ్యాసము వలన ఎవరికిని ప్రయోజనము లేదు.

శాస్త్రము చెప్పినదేమి?

మనుస్మృతి ఐదవ అధ్యాయమున మాంసమును గూర్చి పరస్పర విరుద్ధములుగా తోచు మాటలు కలవు. ఒకచోట మాంసభక్షణమున దోషము లేదు, అది ప్రాణుల ప్రవృత్తి, అయినను మానుటయే మహాఫలమని చెప్పబడినది. మరియొకచోట దోషభాగులలో చంపువానితో పాటు అనుమతించువాడు, కోయువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు లెక్కింపబడిరి. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు మీమాంసకులు పరిసంఖ్యావిధి అను న్యాయమును ఉపయోగింతురు. ఐదు గోళ్ళు గల జంతువులలో ఐదింటిని మాత్రమే తినవచ్చునని శాస్త్రము చెప్పినపుడు, దాని తాత్పర్యము ఆ ఐదింటిని తినుమని కాదు, తక్కినవానిని ముట్టవలదని. రామాయణమున వాలి శ్రీరాముని నిందించుచు ఈ నియమమునే ఎత్తిచూపి, కోతి మాంసము నీకు పనికిరాదు గదా, నన్నేల చంపితివని ప్రశ్నించెను. మాంసవిషయమున శాస్త్రము వేసిన ప్రతి అడుగును హద్దు గీయుటకే గాని ద్వారము తెఱచుటకు కాదు.

హద్దు గీచినవారు ఋషులు మాత్రమే కారు, రాజులును కలరు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. తన వంటశాలలో మునుపు దినమునకు లక్షల ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకముందు అవియు చంపబడవనియు ఆయన మొదటి శిలాశాసనమున ప్రకటించెను. ఉత్తర దేశమున స్తంభములపై గల మరియొక శాసనమున చూలు మేకలు, చూలు గొఱ్ఱెలు, పాలిచ్చుచున్న తల్లులు, ఆరు మాసములు నిండని పిల్లలు చంపరానివని ఆజ్ఞాపించెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూనాధ్యక్షుడు, అనగా వధశాలలపై అధికారి, పాటింపజేయవలసిన నియమములు కలవు. దూడను, ఆబోతును, పాడి ఆవును చంపినవానికి ఏబది పణముల దండన. చిత్రహింస పెట్టి చంపించినవానికిని అదే దండన. ఈ చివరి నియమమును గమనింపుడు. మాంసవిక్రయమును అనుమతించిన రాజ్యము కూడ చంపు పద్ధతిని ప్రత్యేక నేరముగా చూచినది.

నేటి చట్టమును ఆ మార్గముననే నడచినది. 2001 నాటి వధశాలల నియమముల ప్రకారము చూలు పశువును, మూడు మాసములలోపు పిల్ల గల తల్లిని, మూడు మాసములు నిండని పిల్లను వధింపరాదు. ఒక పశువు చూచుచుండగా మరియొకదానిని వధింపరాదు. పశువైద్యుడు గంటకు 12, దినమునకు 96 పశువులకు మించి పరీక్షింపరాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము బాధ కలుగునట్లు పశువులను తరలించుటను నేరముగా పేర్కొన్నది. కాని ఆ చట్టము తొలి నేరమునకు విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకు మాత్రమే. కౌటిల్యుని ఏబది పణములు ఆ కాలమున చిన్న మొత్తము కాదు. నేటి ఏబది రూపాయలకు రెండు టీలు, రెండు బిస్కట్లు వచ్చును. నియమము కాగితముపై ఉన్నది. దానిని కాపాడవలసిన భయము లేదు.

మంద వేరు, షెడ్డు వేరు

మాంసమునకై పెంచు జీవి బ్రతుకులో మూడు ఘట్టములు కలవు: పోషణము, తరలింపు, వధ. దయకు ఎంత చోటున్నదో మూడింటిలోను వేర్వేరుగా చూడవలెను.

గొల్లవాని మందను తీసికొందము. గొఱ్ఱె ఆరుబయట తిరుగును, తనకు నచ్చిన గడ్డిని తాను కొఱుకును, తల్లి వెంట పిల్ల నడచును. పంట పండని గుట్టలు, బీళ్ళు దానికి ఆధారము. రాత్రివేళ పొలమున మంద పెట్టించుకొన్న రైతుకు ఎరువు దక్కును. నల్లగొఱ్ఱె ఉన్నితో గొంగడి నేయబడును. ఆ జీవి బ్రతికినన్నాళ్ళు జీవి వలెనే బ్రతుకును. 2017లో రాష్ట్ర ప్రభుత్వము 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్టుగా, 75 శాతము రాయితీతో పంచు పథకమును ఆరంభించినపుడు మన పల్లెలలో అనేక కుటుంబములకు మందలు వచ్చినవి. వానికి మేత బీళ్ళు, నీరు, టీకాలు కూడ అంతే అవసరము. మేపుటకు చోటు లేక పెంచిన మంద ఆకలితో పెరుగును.

కోళ్ళ సంగతి వేరు. మాంసపు కోడి ఆరు వారములలో రెండు కిలోలు తూగునట్లు దాని జాతి తీర్చబడినది. దేహము పెరిగినంత వేగముగా కాళ్ళకు బలము రాదు. ఎండాకాలమున షెడ్డులో వేడికి తాళలేక కోళ్ళు చచ్చుట రైతులెఱిగినదే. గ్రుడ్ల కోళ్ళ స్థితి ఇంకను దయనీయము. తీగల పంజరములో ఒక కోడికి ఏ-ఫోర్ కాగితమంత చోటైనను దక్కదు; అది రెక్క విప్పలేదు, నేలను గీరలేదు. గ్రుడ్డు పెట్టని జాతిపుంజులను హేచరీలలో పుట్టిన దినముననే చంపుదురు. ఈ సంగతులను విచారించియే మన దేశ న్యాయసంఘము 2017 జూలైలో తన 269వ నివేదికను కోళ్ళ పెంపకముపై సమర్పించినది. యూరోపు దేశముల సమాఖ్య 2012 నుండి వట్టి తీగ పంజరములను నిషేధించినది. జర్మనీ 2022 నుండి పుంజు పిల్లలను చంపుటను మానిపించినది. ఇంగ్లండులో రూత్ హారిసన్ అను స్త్రీ 1964లో యంత్రముల వలె పెంచబడు పశువులను గూర్చి ఒక గ్రంథము వ్రాయగా, మరుసటి యేటనే అక్కడి ప్రభుత్వము నియమించిన బ్రాంబెల్ సంఘము లేచుటకు, పడుకొనుటకు, తిరుగుటకు, ఒళ్ళు విఱుచుకొనుటకు, తన్ను తాను శుభ్రపఱచుకొనుటకు ప్రతి పశువునకు వీలుండవలెనని తీర్మానించినది. నందీశ్వరునకు ఎదుట నిలిచి మనము అడుగదగిన కనీసపు ధర్మము ఇంతకంటె తక్కువ కారాదు.

తరలింపు విషయమున మనమందఱమును సాక్షులమే. మోటారు సైకిలు హేండిలుకు కాళ్ళు కట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసిన కోళ్ళను మనము చూడని దినము లేదు. లారీలో ఒకదానిపై ఒకటి త్రొక్కుకొనుచు పోవు జీవాలను రహదారిపై చూచుచునే యున్నాము. వధ విషయమున అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను పశుశాస్త్రవేత్త చిరకాలము పరిశీలించి, వ్రేలాడు గొలుసు, నేలపై నీడ, హఠాత్తుగా వచ్చు శబ్దము వంటి చిన్న విషయములకే పశువు బెదరునని, వానిని తొలగించినచో భయము చాల తగ్గునని చూపినది. హైదరాబాదు చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నది. అనగా బాధను తగ్గించు విద్య లోకమున ఉన్నది, మన ఇంటి పక్కననే ఉన్నది. తగ్గింపక పోవుటకు తెలియకపోవుట కారణమని ఇక చెప్పలేము.

దయ దోషమును చెల్లువేయునా?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు సమాధానము. బాగుగా పెంచుట పుణ్యమే. బాధ తగ్గించుట పుణ్యమే. అయినను ఆ పుణ్యము వధను చెల్లువేయదు. అప్పులో వడ్డీ తగ్గించినవాడు దయ గలవాడే. అంతమాత్రమున అసలు తీరిపోదు. మేము పెంచకున్న ఈ జీవి పుట్టనే పుట్టదు గదా, బ్రతుకు నిచ్చినది మేమే గదా అని కొందఱు వాదింతురు. కన్న తండ్రికి బిడ్డ ప్రాణముపై హక్కు కలుగునా? పుట్టించుట వలన కలుగునది బాధ్యత మాత్రమే.

మన ఓరుగల్లు సీమవాడైన బమ్మెర పోతన తెలిగించిన భాగవతమున చతుర్థ స్కంధమున ప్రాచీనబర్హి కథ కలదు. ఎన్నియో యజ్ఞములు చేసిన ఆ రాజునకు నారదుడు, తాను చంపించిన పశువులన్నియు ఇనుపకొమ్ములతో అతనికై ఎదురుచూచుచున్న దృశ్యమును చూపెను. యజ్ఞముననే ఇట్లైన, జిహ్వ కొఱకు చేసిన దాని మాట వేరుగా చెప్పవలెనా? ఆ కథలో భయముకంటె నాకు ముఖ్యముగా తోచునది మరియొకటి: పశువు మఱవలేదు. చూచునది గనుక పశువు అని శబ్దమునకు ఒక వ్యుత్పత్తి కలదు. మనము చూడనట్లు నటించునది అది చూచును.

ఇక్కడ ఒకరు కన్నప్పను ఎత్తుకొందురు. శ్రీకాళహస్తిలో తిన్నడు మాంసము నివేదించెను, స్వామి స్వీకరించెను గదా యని. నిజమే. కాని ఆ వేటగాడు కడపట స్వామికి ఇచ్చినది తన కన్ను. కన్నప్పను ప్రమాణముగా చూపువారు ఆ కథను సగములో ఆపరాదు.

ఇంతటితో శాకాహారులమైన మనము సంతోషింప పనిలేదు. మహాభారతమున కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించినది మిథిలలో మాంసము అమ్ముకొను ధర్మవ్యాధుడు. అతడు తాను చంపడు, తినడు. ఇతరులు చంపినదానిని అమ్మును. తన వృత్తి ఘోరమైనదని ఒప్పుకొని, నాగలి నేలలో సాగునప్పుడు ఎన్ని ప్రాణులు చచ్చునో కూడ లెక్కింపుమని చెప్పెను. శాంతిపర్వమున తులాధారుడను వర్తకుడు జాజలి మునికి ఇంకొక అడుగు ముందుకు వేసి చెప్పెను: ఎద్దులకు ముక్కు పొడిచి, బీజము కొట్టి, మోయలేని బరువు మోపువారి పాపమును గూర్చి అతడు మాటలాడెను. తినని పశువునకు చేసిన బాధను కూడ లెక్కలో వ్రాసినవాడు అతడు.

కావున పాల సంగతి కూడ చెప్పవలసియున్నది. అర్థశాస్త్రమున గోవులకు వర్ష, శరత్, హేమంతములలో దినమునకు రెండు మార్లు, శిశిర, వసంత, గ్రీష్మములలో ఒక్కమారు మాత్రమే పితుకవలెనని నియమము. రెండవమారు పితికినవానికి బొటనవ్రేలు తెగగొట్టుట దండన. దూడకు పాలు మిగులుటకే ఈ కాఠిన్యము. నేడు అభిషేకమునకు తెచ్చు పాలలో దూడకు వదలిన పాలెన్ని? దున్నదూడ పుట్టినచో దానిని ఆకలికి వదలివేయుట, వట్టిపోయిన గేదెను సంతకు తోలుట పాడి వ్యాపారమున భాగములై పోయినవి. పాలు త్రాగువాడు ఆ దూడ విషయమున చేతులు కడుగుకొనలేడు. నాలుక రుచిని మార్చుకొన్నంత మాత్రమున పశుపతికి మనము చెప్పవలసిన లెక్క ముగియదు.

స్వామికి యోగ్యమా?

మొదటి ప్రశ్నకు వచ్చుచున్నాను. గొల్ల పెద్ద ధనము స్వామికి పనికివచ్చునా? పనికివచ్చును. దోషము లేని ధనమునే స్వామి స్వీకరించునని నియమము పెట్టినచో, నాగలి పట్టిన రైతు గాని, పాలు అమ్మిన యాదవుడు గాని, దక్షిణ తీసికొన్న పురోహితుడు గాని హుండీ దరిదాపులకు రాలేరు. ధర్మవ్యాధుని నోట ధర్మము పలికించిన సంప్రదాయము, అతని చేతి కాసును త్రోసివేయదు. అమ్మునప్పుడు కన్నీరు వచ్చుచున్నదని ఆ పెద్ద చెప్పెను. ఆ కన్నీటిని ఆపుకొనవలదని అతనితో చెప్పితిని. కన్నీరు ఎండిపోయిన దినమున ఆ వృత్తి నిజముగా ఘోరమగును.

కోళ్ళ రైతునకు ఇచ్చిన సమాధానము కొంచెము కఠినము. కంపెనీ ఇచ్చిన పిల్లలను కంపెనీ చెప్పిన లెక్కకు పెంచుచున్నాను, నా చేతిలో ఏమున్నదని అతడనెను. చేతిలో కొంత ఉన్నది. ఎండాకాలమున కోళ్ళను తక్కువగా దింపించుకొనుట, గాలి ఆడునట్లు తెరలు, పంకాలు పెట్టించుట, కాళ్ళు విఱిగినవానిని బాధలో వదలకుండుట, పట్టువారు రెక్కపట్టి విసరకుండ దగ్గఱ నిలిచి చూచుట. ఇవి చేసిన పిదప అన్నదానమునకు ఇచ్చునది దానము. ఇవి చేయక ఇచ్చునది, లోపల కలుగు కలతకు వెల కట్టి చెల్లించుట మాత్రమే. అన్నదానము పాపమునకు రశీదు కాదు.

భక్తులు చేయదగినవి

తినువారు మొదట అడుగుట అలవరచుకొనవలెను. ఈ జీవి ఎక్కడ పెరిగినది, ఎట్లు వచ్చినది, ఎట్లు కోయబడినది అని కొనువాడు అడిగినచో అమ్మువాడు సమాధానము వెదకును. తలక్రిందులుగా వ్రేలాడిన కోడిని కొననని ఒక వీధి జనులు చెప్పినచో వ్రేలాడదీయువాడు బుట్ట తెచ్చును. ఆదివారము మాంసము లేనిదే ముద్ద దిగదనువారు ఒక దినము తగ్గించుకొనుట సాధ్యమే. శాస్త్రము సూచించిన మార్గము నివృత్తి. అది ఒక్కనాట రాకపోవచ్చును, మెట్లుగా వచ్చును.

మ్రొక్కులు ఉన్నవారికి ఒక మాట. మన జిల్లాలోనే మేడారమున సమ్మక్క సారలమ్మలకు భక్తులు నిలువెత్తు బెల్లమును "బంగారము"గా సమర్పింతురు. యాటను సమర్పించువారును కలరు. వారి కులాచారమును నిందించుట నా పని కాదు. కాని బెల్లమును బంగారమని స్వీకరించు తల్లులకు బెల్లముతో కొఱత కలుగదని గుర్తుంచుకొనుట మంచిది.

దాతలకు నా విన్నపము: గోశాలకు విరాళ మిచ్చునప్పుడు పాడి ఆవుల పేర మాత్రమే గాక, కోడెదూడల పేర, ముసలి ఎద్దుల పేర, వట్టిపోయిన వాని పేర కూడ ఇండు. అభిషేకమునకు పాలు తెచ్చునప్పుడు దూడ త్రాగిన తరువాత పితికిన పాలు తెండు, తక్కువైనను పర్వాలేదు. మేత బీడు ప్రక్కన ఒక నీటితొట్టి కట్టించినచో, వేసవిలో ఎండిన గొంతుతో వచ్చు మందకు అది తీర్థమగును.

మాంసమునకై పశువును సంపూర్ణముగా దోషము లేకుండ పెంచుట సాధ్యమా యని అడిగినవారికి, లేదని నా సమాధానము. ఇప్పటికంటె ఎంతో తక్కువ బాధతో పెంచుట సాధ్యమా యని అడిగినవారికి, నిస్సందేహముగా సాధ్యమని నా సమాధానము. మొదటి సమాధానమును సాకుగా చేసికొని రెండవదానిని మానుకొన్నవాడు పశువునకు రెండు విధముల అపకారము చేయును. పశుపతి అని పలుకునప్పుడు ఆ నామమున పశువు ముందున్నది, పతి తరువాత ఉన్నాడు. నమస్కరించువారు ఆ వరుసను గమనింతురు గాక.